రోడ్డు వెడల్పు చేసే ముందు ఆ వీధిలో వాళ్ళని అడగరా? (విజయనగరం)

ఫూల్‌బాగ్_వాణి:
అందరికీ నమస్కారం. మా వీధిలో గోడల మీద ఎర్రరంగు గీతలు పెట్టి, పక్కన అంకెలు వేసి వెళ్ళారు. ఎవరు పెట్టారంటే ఒక్కొక్కరు ఒక్కో ఆఫీసు పేరు చెబుతున్నారు. ఎదురింటి మామ్మగారి అరుగు మొత్తం గీతకి ఇవతల పడింది. మా పక్కింటి వాళ్ళకి మెట్లు పోతాయి. నోటీసు లేదు, మీటింగు లేదు, వచ్చినవాళ్ళు బెల్లు కూడా కొట్టలేదు.

రోడ్డు వద్దని నేను అనడం లేదు. గోడ మీద గీత పడకముందే కాగితం మీద గీత మాకు చూపించాలని అంటున్నాను. ఈ రోడ్డు ఎవరి కోసం వెడల్పు చేస్తున్నారో కూడా చెప్పాలి. పొద్దున్న ఎనిమిదింటికి మా వీధిలో నిలబడితే కనిపించేది బడిపిల్లలు, కూరల గంపలు, బస్సు కోసం గబగబా నడిచే ఆడవాళ్ళు. కార్లు చాలా తక్కువ. వెడల్పు చేశాక నడిచేవాళ్ళకి ఎంత మిగులుతుంది? ఫుట్‌పాత్ ఉంటుందా? చెట్లు ఉంచుతారా? ఈ మూడు ప్రశ్నలకి జవాబు చెప్పగలిగినవాళ్ళు నాకు ఇంతవరకు దొరకలేదు. ఇక్కడ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గంటస్తంభం_కుర్రాడు:
అక్కా, మీ బాధ అర్థమైంది. కానీ అందర్నీ అడుక్కుంటూ కూర్చుంటే రోడ్డు ఎప్పటికి అవుద్ది? సాయంత్రం ఆరింటికి గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల దాకా బండి మీద ఒకసారి రండి. క్లచ్ పట్టుకుని పట్టుకుని చెయ్యి నొప్పెడతాది. ఊరు పెరిగింది, రోడ్డు పెరగలేదు. ఎవరో ఒకరు గట్టిగా నిలబడి వెడల్పు చెయ్యకపోతే ఇంకో పదేళ్ళకి కూడా ఇంతే.

మాజీ_ఓవర్సీర్:
వాణిగారూ, నేను రోడ్ల శాఖలోనే పనిచేసి రిటైరయ్యాను. గీత ఎలా పడుతుందో చెబుతాను. పాత రోడ్డుకి సెంటర్ లైన్ తీస్తారు. మాస్టర్‌ప్లాన్‌లో ఆ రోడ్డుకి రాసిన వెడల్పులో సగం ఇటు, సగం అటు టేపు పెట్టి కొలుస్తారు. టేపు చివర ఎక్కడ ఆగితే అక్కడ రంగు. మీ గోడ మీద అంకె ఉందంటే చాలామటుకు అది మీ జాగాలోంచి పోయే కొలత. అంటే నిర్ణయం జరిగింది టేపు పట్టుకున్నవాడి దగ్గర కాదు, ఎన్నో ఏళ్ళ ముందు ఆ ప్లాను మీద. వి.ఎం.ఆర్.డి.ఎ. (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) 2041 మాస్టర్‌ప్లాన్ ముసాయిదాని 2021లో బయటపెట్టి అభ్యంతరాలు పిలిచారు. ఆ మ్యాపులో తన వీధి ఎక్కడుందో వెతికి పట్టుకోగలిగిన గృహస్థు ఎంతమంది ఉంటారు? అడగడం అంటే అలా అడిగితే సరిపోదు.

కుర్రాడికి ఒక మాట. బాబూ, రోడ్డుకి ఎంత వెడల్పు కావాలో ఎలా లెక్కేస్తారో తెలుసా? కూడలిలో మనిషిని కూర్చోబెట్టి బళ్ళు లెక్కపెట్టిస్తాం. అన్నిటినీ కార్లలోకి మారుస్తాం. దాన్ని పి.సి.యు. అంటారు. ఊరి బయటి రోడ్లకి వాడే ఐ.ఆర్.సి. (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ) 64 పట్టికలో కారు 1, మోటార్‌సైకిలు 0.5, సైకిలు 0.5, బస్సు 3. యాభైమందిని మోసుకొచ్చే బస్సు మూడు కార్లు. ఒక్కడే కూర్చున్న కారు ఒక కారు. పట్టణాలకి అంకెలు వేరుగా ఉంటాయి గాని పద్ధతి ఇదే. నడిచేవాడికి ఆ పట్టికలో గడే లేదు. నలభై ఏళ్ళు ఆ ఫారాలు నింపినవాణ్ణి, అందుకే చెబుతున్నాను: లెక్కలో లేనివాడికి రోడ్డు మీద జాగా రాదు.

గంటస్తంభం_కుర్రాడు:
మాస్టారూ, ఈ సంగతి నాకు తెలీదు. సరే, కానీ వెడల్పు చేస్తే కొంతైనా ఖాళీ అవుద్ది కదా?

మాజీ_ఓవర్సీర్:
అవుతుంది, కొన్నాళ్ళు. తర్వాత ఇదివరకు వేరే దారిన పోయినవాళ్ళు ఇటు తిరుగుతారు. బస్సులో వచ్చినవాడు బండి కొంటాడు. అంచుల్లో పార్కింగు పెరుగుతుంది. చివరికి నడిచే బళ్ళకి పాత వెడల్పే మిగులుతుంది. ఆ పట్టిక లెక్కనే చూసినా, ఇరవైమంది ఇరవై బళ్ళ మీద వస్తే పట్టే జాగాలో మూడోవంతు చాలు, ఆ ఇరవైమందీ ఒక బస్సులో వస్తే. 2006 జాతీయ పట్టణ రవాణా విధానంలోనే ఈ మాట రాసుంది: కదలాల్సింది మనుషులు, బళ్ళు కాదు అని. ఆ విధానం వచ్చాక కూడా మేము బళ్ళనే లెక్కపెట్టాం.

నెల్లిమర్ల_సైకిల్:
నాను నెల్లిమర్ల నుంచి టౌనుకి సైకిల్ మీదే వస్తాను, షాపులో పని. మాలాటోళ్ళు ఇంకా ఉన్నారు, పొద్దున్నే చూస్తే తెలుస్తాది. రోడ్డు వెడల్పు సేసిన కాడ మాకేటి వొచ్చింది? మధ్యలో డివైడరు వొచ్చింది. ఇదివరకు అటేపు షాపుకి దాటి ఎల్లీవోణ్ణి. ఇప్పుడు ఎక్కడో ఉన్న సందు కాడికి ఎల్లి తిరిగి రావాలి. అంత దూరం ఎవులు తొక్కుతారు? అందుకే అందరూ రాంగ్ రూట్లో వస్తన్నారు. తప్పే, కాదనను. కానీ గీసినోడు సైకిల్ తొక్కినోడు అయితే సందు ఎక్కడ పెట్టాలో తెలిసీది.

రాత్రిపూట ఇంకో బాధ. లైట్లు డివైడరు మీదుంటాయి, వెలుగు మధ్యన పడతాది. మేం పోయీది అంచున, చీకట్లో. అంచున కాలవ మీద పలకలు ఎత్తుపల్లాలు. ఒక పలకకి ఇనపకొక్కెం పైకి లేచుంటాది, టైరుకి తగిల్తే అంతే సంగతి.

కంటోన్మెంట్_లా_స్టూడెంట్:
ఈ చర్చ చదివి చట్టం ఏమంటుందో రాయాలనిపించింది. ఏ రోడ్డుకి ఏ చట్టం అన్నదే మొదటి ప్రశ్న.

జాతీయ రహదారికి 1956 చట్టం. 3ఎ కింద నోటిఫికేషన్ ప్రచురించాక 3సి కింద 21 రోజుల్లో అభ్యంతరం రాసివ్వొచ్చు. రాసినవాళ్ళ మాట అధికారి విని తీరాలి. మామూలు భూసేకరణకి 2013 చట్టం, అందులో సెక్షన్ 15 కింద 60 రోజులు. పేపరులో పడిన నోటిఫికేషన్ మనం చూడకపోతే ఈ గడువులు నిద్రలోనే అయిపోతాయి. మాకు తెలిసిన కుటుంబం ఒకటి అలాగే నష్టపోయింది.

ఊళ్ళో వీధి అయితే, 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న రాజ్యాంగ 74వ సవరణ వర్తిస్తుంది. 12వ షెడ్యూల్లో పట్టణ ప్రణాళిక, రోడ్లు, వంతెనలు, వీధి దీపాలు, పార్కింగు, బస్టాపులు అన్నీ పురపాలక సంస్థలకి అప్పగించదగ్గ పనులుగా ఉన్నాయి. అంటే బస్టాపు ఎక్కడ ఉండాలో మన కౌన్సిల్లో మాట్లాడుకోవాల్సిన విషయం. వార్డు కమిటీల సంగతి మాత్రం నన్ను చాలా బాధపెట్టింది. 243ఎస్ ప్రకారం అవి తప్పనిసరి అయ్యేది జనాభా 3 లక్షలు, ఆపైన ఉన్న చోట. 2011 లెక్కల్లో విజయనగరం 2.28 లక్షలు. 2023లో ప్రకటించిన పి.ఎం. ఈ-బస్ సేవ పథకం చూడండి, 10,000 ఎలక్ట్రిక్ బస్సులు. అక్కడా గీత 3 లక్షల దగ్గరే. మనకి అడిగే హక్కూ ఆ గీత దగ్గరే ఆగిపోయింది, బస్సూ అక్కడే ఆగిపోయింది. శ్రీకాకుళం అయితే ఇంకా చిన్నది. మనలాంటి ఊళ్ళ నుంచి ఎవరూ గట్టిగా అడగకపోతే ఈ గీత మారదు.

శ్రీకాకుళం_రోడ్:
మా ఊరి పేరు ఎత్తారు కాబట్టి రాస్తున్నాను. మా రైల్వేస్టేషను మా ఊళ్ళో లేదు. ఆమదాలవలసలో ఉంది, పది కిలోమీటర్ల పైచిలుకు. రాత్రి రైలు దిగితే చేతిలో బ్యాగు, ఎదురుగా ఆటోలు. బేరం కుదిరితే ఇల్లు, లేకపోతే తెల్లారేదాకా ప్లాట్‌ఫారం. రోడ్డు వెడల్పు గురించి ఏళ్ళ తరబడి మాట్లాడుతున్నాం. రైలు వేళకి బస్సు గురించి మాట్లాడిన మీటింగు నేను చూళ్ళేదు. ప్రయాణికుల్ని అడిగి ఉంటే మొదటి కోరిక బస్సే అయ్యేది.

ఊళ్ళో ఏడు రోడ్ల కూడలి సంగతి ఉత్తరాంధ్రలో అందరికీ తెలుసు. ఏడు వైపుల నుంచి బళ్ళు వస్తుంటే ముసలివాళ్ళు దాటడానికి ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోవాలి.

కొత్తపేట_షాపు:
అందరూ నడిచేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. మా గురించి కూడా వినండి. నాది చిన్న షాపు, మా నాన్నగారు పెట్టింది. లోతు తక్కువ. అందులో ముందు నుంచి ఐదడుగులు పోతే మిగిలేది షాపు కాదు, అల్మారా. టి.డి.ఆర్. బాండు ఇస్తారంటారు, అంటే పోయిన జాగాకి డబ్బు బదులు అదనంగా కట్టుకునే హక్కు కాగితం, కావాలంటే అమ్ముకోవచ్చు. నాకు పెద్ద స్థలం లేదు, ఇంకో అంతస్తు కట్టే ఓపిక లేదు. ఆ బాండు కొనేవాణ్ణి నేను ఎక్కడ వెతుక్కోను? పెద్ద బిల్డింగు వాడికి పనికొచ్చే పరిహారం చిన్నవాడికి పనికిరాదు. ఈ మాట మమ్మల్ని ముందు కూర్చోబెట్టి అడిగితే చెబుతాం కదా.

ఇంకోటి. ఫుట్‌పాత్ వేసి షాపు ముందు బండి ఆపనివ్వకపోతే గిరాకీ పడిపోతుందని మా వీధిలో అందరికీ భయం. అందుకే ఫుట్‌పాత్ అనగానే మావాళ్ళు అడ్డం పడుతున్నారు.

చెన్నైలో_సాలూరోడు:
అన్నా, ఆ భయం ఇక్కడ టి.నగర్‌లో కూడా ఉండేది. చెన్నై కార్పొరేషన్ 2014లో మోటారు లేని రవాణాకి ఒక విధానం పెట్టుకుంది. రవాణా బడ్జెట్లో కనీసం 60 శాతం నడకకి, సైకిలుకి ఖర్చు పెట్టాలని అందులో రాసుకున్నారు. పాండీబజార్లో కార్ల జాగా తగ్గించి వెడల్పాటి నడకదారి వేసి 2019 నవంబర్లో తెరిచారు. నేను సాయంత్రాలు అటు వెళ్తుంటాను. చీరల షాపుల ముందు పిల్లలు ఆడుకుంటుంటారు, పెద్దవాళ్ళు బెంచీల మీద కూర్చుంటారు. బండి ఆపి పరుగున కొని వెళ్ళిపోయేవాడికంటే, అలా కూర్చున్నవాడే ఇంకో షాపులోకి వెళ్తాడు. వేసే ముందు ఆ వీధిని కొన్నిసార్లు బళ్ళు లేకుండా మూసి చూశారు. అది ముఖ్యం. జనం కళ్ళతో చూశాక మాట్లాడారు.

అయ్యకోనేరు_గట్టు:
మూసి చూడటం మనకి కొత్తా? పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజు చదురుగుడి నుంచి కోట దాకా రోడ్డు మొత్తం జనానిదే. బస్సులు వేరే దారిన పోతాయి, షాపులవాళ్ళు సర్దుకుంటారు, సిరిమాను మూడుసార్లు తిరిగేదాకా ఒక్క బండి కనపడదు. దసరా వెళ్ళిన మంగళవారం నాడు చేయగలిగిన పోలీసులు, కార్పొరేషనువాళ్ళు నెలకో ఆదివారం సాయంత్రం ఒక వీధిలో చెయ్యలేరా? చెయ్యగలరు.

చక్రాల_కుర్చీ:
నేను వీల్‌చైర్ వాడతాను. ఫుట్‌పాత్ ఉన్నంత మాత్రాన అది నాది అయిపోదు. ఐ.ఆర్.సి. 103 ప్రకారం అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మా వైపు వేసింది మోకాలి ఎత్తు. ప్రతి గేటు దగ్గరా దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్. అందుకని నేను లారీల పక్కన రోడ్డు మీదే వెళ్తాను. నన్ను చూసి జనం హారన్ కొడతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం మాకు రవాణా, రోడ్లు అందుబాటులో ఉండాలని చెబుతోంది. మీటింగు ఎక్కడ పెట్టినా దయచేసి మేడ మీద పెట్టకండి. మెట్లున్న చోట మీటింగు పెట్టి వికలాంగులు ఎవరూ రాలేదని రాసుకుంటున్నారు.

ఫూల్‌బాగ్_వాణి:
మీ మాట చదివి కళ్ళు తెరుచుకున్నాయి. మేము మీటింగు అడుగుదామనుకున్నాం గాని ఎక్కడ, ఎప్పుడు అని ఆలోచించలేదు.

దాసన్నపేట_అప్ప:
ఎప్పుడు అన్నది నేను చెబుతానమ్మా. పగలు పదకొండింటికి ఆఫీసులో పెడితే వచ్చేది ఎవరు? కాంట్రాక్టర్లు, పెద్దమనుషులు, పార్టీలవాళ్ళు. మా అమ్మ రోడ్డు పక్కన కూరలు అమ్ముతుంది. ఆ వేళకి ఆమె గంప వదిలి రాలేదు. కూలికెళ్ళినోళ్ళు రాలేరు. సాయంత్రం ఏడు తరవాత, వీధిలోనే, దీపం కింద పెట్టాలి. ఆడవాళ్ళు వంట ముగించుకుని వస్తారు.

రోడ్డు వెడల్పు అంటే మొదట లేచిపోయేది మా అమ్మలాంటోళ్ళే. 2014 వీధి వ్యాపారుల చట్టంలో టౌన్ వెండింగ్ కమిటీ అని ఉంది. అందులో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. ఎక్కడ అమ్ముకోవాలో ఆ కమిటీతో మాట్లాడి నిర్ణయించాలి. రోడ్డు డ్రాయింగులో కూరల బండికి జాగా గీస్తే, బండి రోడ్డు మీదికి రాదు. జాగా గీయకుండా తరిమేస్తే పొద్దున్న తరిమినోళ్ళు సాయంత్రానికి మళ్ళీ అక్కడే ఉంటారు. బతకాలి కదా.

ఇంకో మాట. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. మంచిదే, మా అమ్మకి రోజూ డబ్బులు మిగులుతున్నాయి. కానీ బస్సు ఆగే చోట నీడ లేదు, నిలబడ్డానికి గట్టు లేదు. బస్సు కాలవకి అవతల ఆగుతుంది, గంప నెత్తిన పెట్టుకుని పలక దాటి పరుగెత్తాలి. బస్సు ఉచితం చేసినోళ్ళు బస్సు దాకా నడిచే దారి కూడా చూడాలి.

గంటస్తంభం_కుర్రాడు:
అప్పా, ఇది నిజం. మా అమ్మ కూడా ఇదే చెబుతాది. నేను బండి మీద పోతా గాబట్టి నాకు కనపళ్ళేదు. కానీ ఒకటి అడుగుతాను. ఇంతమందిని అడిగాక ఒకడు కాదంటే? వీధంతా ఒప్పుకుని ఒక ఇల్లు కోర్టుకెళ్తే?

మాజీ_ఓవర్సీర్:
అడగకపోతేనే ఎక్కువమంది కోర్టుకెళ్తారు బాబూ. అటు ఇటు పగలగొట్టి, నడుమ రెండిళ్ళకి స్టే వచ్చి, రోడ్డు అక్కడ ఇరుకైపోయి ఏళ్ళ తరబడి ఉండిపోయిన చోట్లు నా సర్వీసులో బోలెడు చూశాను. వెడల్పు రోడ్డు మీద జోరుగా వచ్చినవాడు ఆ ఇరుకులో గుద్దుకుంటాడు. అలాంటి చోటే ప్రమాదాలు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో 32,825 మంది నడిచి వెళ్ళేవాళ్ళు. ఫుట్‌పాత్ గురించి మాట్లాడుతుంటే ఇది అలంకారం అనుకునేవాళ్ళు ఈ అంకె చూడాలి.

విశాఖలో పెందుర్తి వైపు, సింహాచలం వైపు బి.ఆర్.టి.ఎస్. వేశారు. మధ్య వరసలు బస్సులకని కట్టారు. ప్రత్యేక బస్సు సర్వీసు మాత్రం అనుకున్నట్టు నడవలేదు. బస్సు ఎక్కేవాణ్ణి రోడ్డు దాటించడం ఎలా, స్టాపు దాకా నడిపించడం ఎలా అన్నది కాంక్రీటు పోసే ముందు తేలాల్సిన సంగతి. ఆ వీధుల్లో వాళ్ళతో కూర్చుంటేనే అది తేలుతుంది.

నా సలహా ఒకటే. డ్రాయింగు కాగితం ఎవరికీ అర్థం కాదు. అదే డ్రాయింగుని సున్నంతో రోడ్డు మీదే గీయించండి. ఫుట్‌పాత్ అంచు ఇక్కడ, బస్సు ఆగేది ఇక్కడ, కూరల బళ్ళు ఇక్కడ, దాటే చోటు ఇక్కడ. నాలుగు డ్రమ్ములు పెట్టి వారం రోజులు అలా వదిలేయండి. ఎక్కడ లారీ తిరగలేకపోతోందో, ఎక్కడ పిల్లలు వేరే చోట దాటుతున్నారో మూడోరోజుకే కనపడుతుంది. సున్నం చెరపడానికి ఖర్చు లేదు. కాంక్రీటు పోశాక మార్చాలంటే కొత్త టెండరు.

పుణెలో_బొబ్బిలోడు:
ఓవర్సీరు గారి సున్నం గీతల మాట చాలా నచ్చింది. ఇక్కడ పుణె కార్పొరేషన్ 2006 నుంచి ఒక పద్ధతి నడుపుతోంది. వచ్చే ఏడు బడ్జెట్లో మా వీధికి ఈ పని పెట్టండి అని పౌరులే ఫారం నింపి ఇవ్వొచ్చు. ఫుట్‌పాత్, దీపం, బస్టాపు లాంటివి ఎక్కువ వస్తాయి. లోపం కూడా చెప్పాలి. ఫారం ఉందని తెలిసిన కాలనీలవాళ్ళే ఎక్కువ ఇస్తారు, బస్తీలకి తెలీదు. మన దగ్గర పెడితే వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ, ప్లానింగ్ సెక్రటరీ ఇంటింటికీ తిరుగుతారు కదా, వాళ్ళ చేతికే ఇవ్వాలి.

కొత్తపేట_షాపు:
సున్నం గీస్తే మా వీధిలో నేను ముందు నిలబడతాను. నా షాపు లోతు సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు. వెడల్పు రెండువైపులా సమానంగానే తీసుకోవాలని ఉందా? ఒకవైపు ఖాళీ జాగాలు ఉంటే అటు జరపకూడదా?

మాజీ_ఓవర్సీర్:
జరపొచ్చు. సెంటర్ లైన్ కదపడం కొత్త కాదు, వంపులు రాకుండా చూసుకోవాలి, అంతే. మాస్టర్‌ప్లానుకి మార్పు అవసరమైతే దానికీ పద్ధతి ఉంది. వెడల్పే అవసరమా అన్నది కూడా అడగండి. ఒన్‌వే చేసి, ఒకవైపే పార్కింగు పెడితే గోడలు ముట్టుకోకుండా సరిపోయే వీధులు మన ఊళ్ళో చాలా ఉన్నాయి. మీ వీధి చూడకుండా హామీ ఇవ్వలేను. శనివారం వస్తాను, టేపు తెస్తాను.

కంటోన్మెంట్_లా_స్టూడెంట్:
వాణి అక్కా, ముందు ఆ రోడ్డు ఎవరిదో తేల్చుకోండి. ఊరి మధ్య కొన్ని రోడ్లు కార్పొరేషన్‌వి, కొన్ని ఆర్ అండ్ బి వి, హైవే వేరే. తప్పు ఆఫీసులో ఇచ్చిన అర్జీ టేబుళ్ళు మారుతూ తిరుగుతుంది. సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందులో ఇవి అడగండి: ఈ వీధికి మంజూరైన వెడల్పు, క్రాస్ సెక్షన్ డ్రాయింగు (రోడ్డుని అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మ), ట్రాఫిక్ సర్వే కాపీ, ఎన్ని చెట్లు కొడతారు, పరిహారం ఏ పద్ధతిలో. క్రాస్ సెక్షన్ తప్పకుండా అడగండి. ఫుట్‌పాత్ ఉందో లేదో అందులో ఒక్క చూపులో తెలిసిపోతుంది. నేను రాసిపెడతాను, మీరు సంతకం చెయ్యండి.

ఫూల్‌బాగ్_వాణి:
అందరికీ చాలా కృతజ్ఞతలు. మా వీధిలో అందరితో మాట్లాడాను. వచ్చే సోమవారం కలెక్టరేట్లో గ్రీవెన్స్‌కి వెళ్తున్నాం. గీతలు చెరపమని అడగడం లేదు. డ్రాయింగు వీధిలో పెట్టమని, సాయంత్రం ఏడు తరవాత కిందనే మీటింగు పెట్టమని, సున్నం గీతలతో వారం చూడనివ్వమని అడుగుతున్నాం. టౌన్ వెండింగ్ కమిటీ వాళ్ళని కూడా పిలవమని రాశాం. మామ్మగారు తానూ వస్తానన్నారు. ఓవర్సీరు గారు చెప్పిన లెక్క కూడా మేమే చేస్తాం, బళ్ళని కాకుండా మనుషుల్ని. కాలేజీ పిల్లలు నలుగురు ఒప్పుకున్నారు. బుధవారం పొద్దున్న ఏడు నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. ఆ కాగితం నమూనా ఇక్కడ పెడుతున్నాను: నడక, సైకిలు, బండి, ఆటో, బస్సు, కారు. ఏమైనా తప్పిపోతే చెప్పండి.

దాసన్నపేట_అప్ప:
తోపుడు బళ్ళకి గడి పెట్టలేదమ్మా. నెత్తిన గంపతో నడిచేవాళ్ళకి కూడా వేరే గడి పెట్టండి, వాళ్ళకి దారి ఎక్కువ కావాలి.

నెల్లిమర్ల_సైకిల్:
ఏడుకి మొదలెడితే మేం దాటిపోతాం. ఆరుకే కూకోండి. నాను సైకిలోళ్ళందరికీ సెప్తాను.

ఫూల్‌బాగ్_వాణి:
సరే, ఆరుకే. రెండు గడులూ చేర్చాను.